క్యాన్సర్ అని తెలిసినా బీడీ ఎందుకు వదలరు? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

తిరుపతిలో క్యాన్సర్ రోగుల చేత పొగ మాన్పించే కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నన్ను రోగుల కన్నా వారి వెంట వచ్చినవారే ఎక్కువగా ప్రశ్నిస్తుంటారు. "ముక్క పరీక్షలో తేలినాక కూడా ఈయప్ప బీడీ వదలడే, ప్రాణం మీద ఆశ లేదా సార్?" అని వారి ప్రశ్న. ఆశ లేక కాదు. ఆ ప్రశ్నలో దాగి ఉన్న అపోహలలో కొన్నింటిని ఇక్కడ వివరిస్తాను.

అపోహ: ప్రాణభయం పట్టుకుంటే ఎవరైనా మానేస్తారు.

వాస్తవం: పీల్చిన పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. రక్తంలో అది సుమారు రెండు గంటలకు సగానికి పడిపోతుంది కనుక, ఏళ్ల తరబడి రోజుకొక కట్ట బీడీలు తాగిన మనిషికి అంతలోనే చిరాకు, ఆరాటం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం మొదలవుతాయి. మానిన రెండో మూడో రోజున ఈ బాధ బాగా ముదిరి, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. జబ్బు పేరు విన్న కొత్తలో రోగి స్కానింగులకు తిరిగేదీ, అప్పు కోసం బంధువుల గడప తొక్కేదీ, కూతురి పెళ్లి ముందుకు జరపాలా వెనక్కి జరపాలా అని రాత్రంతా మేలుకునేదీ సరిగ్గా ఆ వారాలలోనే. భయం ఎక్కువైనకొద్దీ చెయ్యి బీడీ కోసమే వెదుకుతుంది.

అపోహ: అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మానగలిగినవాడు ఇప్పుడు మానకపోవడం ఒట్టి మొండితనం.

వాస్తవం: చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చే కుటుంబాల నోట నేను తరచుగా వినే నింద ఇది. అలిపిరి తనిఖీ దగ్గర జేబులోని పెట్టె పారవేసి, కొండ మీద రెండు రోజులు నిశ్చింతగా ఉండి వచ్చేవారూ ఉన్నారు కనుక నింద వేయడం సులభం. అయితే మాల ఏమేమి ఇస్తుందో లెక్కవేసి చూడండి. బట్ట మారుతుంది, కాలికి చెప్పు ఉండదు, ఇంటిల్లిపాదీ "స్వామీ" అని పిలుస్తారు, తోటి స్వాములతో ఉదయం సాయంత్రం పూజ ఉంటుంది, దీక్ష ఏ రోజున ముగుస్తుందో ముందే తెలుసు. జబ్బు వీటిలో ఒక్కటీ ఇవ్వదు. పైగా నిన్నటి దాకా స్వామీ అన్న నోళ్లే "చేతులారా తెచ్చుకున్నావు" అంటాయి. అలాగని ఆ 41 రోజుల అనుభవాన్ని నేను వదులుకోను. శరీరం పడే యాతన దాదాపు నాలుగు వారాల్లో తీరిపోతుందని రోగి తన ఒంటితోనే ఒకసారి రుజువు చేసుకున్నాడు కదా! మాల తీసిన రోజున తిరుగు ప్రయాణపు బస్సు దిగి మొదటి బీడీ ఎవరితో, ఎక్కడ వెలిగించారని అడుగుతాను. ఆ మనిషి నుంచీ ఆ చోటు నుంచీ ఎలా తప్పించుకోవాలన్నదే మా అసలు సంభాషణ.

అపోహ: "వచ్చేది వచ్చేసింది గదా సార్, ఇంగ మానితే ఏమొస్తాది?"

వాస్తవం: పీలేరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అన్న మాట ఇది. కొందరు ఇలా పైకి అంటారు, మిగిలినవారు అనరు, అంతే తేడా. మాస్కోలో 517 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను ఏళ్ల తరబడి గమనించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, జబ్బు బయటపడ్డాక పొగ మానినవారి మధ్యస్థ జీవితకాలం (అంటే వారిలో సగం మంది అంతకు మించి బతికిన కాలం) 6.6 సంవత్సరాలు కాగా, కొనసాగించినవారిది 4.8 సంవత్సరాలు. మందులు కూడా ఇంత వ్యవధి ఇస్తే గొప్పగా చెప్పుకుంటాం. జనం "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్ విషయంలో కారణం ఇంకా సూటిగా కనిపిస్తుంది. గడ్డలోని కణాలను రేడియేషన్ చంపాలంటే అక్కడ ఆక్సిజన్ ఉండాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుని ఆ చోటును ఆక్రమిస్తుంది. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్నవారిపై కెనడాలో జరిపి 1993లో ప్రకటించిన పరిశీలనలో, చికిత్స జరుగుతుండగా పొగ తాగినవారిలో 45 శాతం మందికి గడ్డ పూర్తిగా కరిగితే, తాగనివారిలో 74 శాతం మందికి కరిగింది. ఎర్లోటినిబ్ వంటి కొన్ని క్యాన్సర్ మందులను పొగ తాగేవారి కాలేయం త్వరగా ఖర్చు చేసేస్తుంది కనుక రక్తంలో వాటి మోతాదు పడిపోతుంది. పెద్దాయనకు ఈ అంకెలన్నీ చెప్పలేదు. "మీరు కరెంటు పెట్టించుకునేది గడ్డను కాల్చడానికి, మీ బీడీ దానికి కాపలా కాస్తోంది" అన్నాను.

అపోహ: మానేశానని రోగి చెబితే మానేసినట్టే, లేదంటే గట్టిగా తిట్టాలి.

వాస్తవం: ఈ అపోహ మొదట నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో గొంతు క్యాన్సర్ రోగి ఒకరిని వెంట వచ్చిన కొడుకు ఎదుటే గట్టిగా మందలించాను. మరునాటి నుంచి ఆయన "మానేసినా సార్" అన్నారు, నేను ఫైలులో అలాగే రాసుకున్నాను. రేడియేషన్ సమయంలో తల కదలకుండా ముఖానికి బిగించే జల్లెడ లాంటి ప్లాస్టిక్ ముసుగు ఒకటుంటుంది. నాలుగో వారంలో టెక్నీషియన్ ఆ ముసుగును నా ముందు పెట్టి వాసన చూడమన్నాడు. లోపలి వైపు, నోరు ఆనే చోట, బీడీ వాసన. నోటి పుండ్లు ఎందుకు మానడం లేదో, మందులు ఎందుకు మార్చుకుంటూ పోయామో అప్పుడు అర్థమైంది. ఆయన దాచింది బీడీని కాదు, నాకు భయపడి నిజాన్ని. ఇప్పుడు నేను "తాగుతున్నారా?" అని అడగను, "నిన్న ఎన్ని తాగారు?" అని అడుగుతాను, కొడుకును బయట కూర్చోబెట్టి మరీ. ఆ కొడుకు బయటికి వెళ్లి టీ కొట్టు దగ్గర సిగరెట్ ముట్టించడం కూడా మాకు కొత్త కాదు.

అపోహ: బీడీ టెన్షన్ తగ్గిస్తుంది.

వాస్తవం: అది తగ్గించేది అంతకు ముందు తాగిన బీడీ ప్రభావం దిగిపోవడం వల్ల పుట్టిన టెన్షన్‌నే. జబ్బు వల్ల కలిగిన దిగులు అలాగే ఉంటుంది, దానికి వేరే చికిత్స కావాలి.

అపోహ: నికోటిన్ చూయింగ్ గమ్ కూడా పొగాకే, అదీ క్యాన్సర్ తెస్తుంది.

వాస్తవం: పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి, వాటిలో కనీసం 70 క్యాన్సర్ కారకాలు. గమ్‌లో ఉండేది నికోటిన్ మాత్రమే; అది వ్యసనాన్ని నిలిపి ఉంచుతుంది గానీ గడ్డను పుట్టించేది పొగే. అయితే దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే పనిచేయదు. కాస్త ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. వేసుకునే ముందు పావుగంట పాటు టీ, కాఫీ తాగకూడదు. నోరు పుండ్లు పడినవారికి గమ్ కుదరదు కనుక చర్మానికి అంటించే ప్యాచ్ గురించి వైద్యుడితో మాట్లాడతాం. గమ్‌కు బదులు ఖైనీ పెట్టుకుంటామనేవారికి మాత్రం ఒకటే మాట: నోటి క్యాన్సర్‌కు అదే దగ్గరి దారి.

అపోహ: ఒక్కసారిగా మానితే ఒంటికి పడదు.

వాస్తవం: పొగ విషయంలో అలాంటి ప్రమాదమేమీ లేదు, కొన్ని వారాలు దగ్గు పెరిగినట్టు అనిపించవచ్చు. రోజూ మద్యం తాగేవారి సంగతి వేరు. దాన్ని హఠాత్తుగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు కనుక ఆ అలవాటును ముందే వైద్యుడికి చెప్పాలి.

సిగరెట్ పెట్టెలపై ముద్రించే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. పీలేరు పెద్దాయన తాను బీడీలకు బదులు కొన్న సిగరెట్ పెట్టె అట్టను ఆ నంబరు మేరకు చించి రేడియేషన్ కార్డుకు పిన్ను కొట్టుకున్నారు. మొదటి వారంలో మూడుసార్లు ఫోను చేశారట, రెండుసార్లు ఏమీ మాట్లాడకుండానే పెట్టేశారట.