ఒక్క ఎడిటర్‌లో మొత్తం పని: ఈమాక్స్ మీద అపోహలు, వాస్తవాలు

హనుమకొండ నయీంనగర్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని వేరే ఊళ్ల కంపెనీల సర్వర్లు చూసుకోవడం నా పని. పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే రెండే తెరుస్తాను. ఒకటి బ్రౌజర్, రెండోది ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్, అంటే టెక్స్టు రాసుకుని దిద్దుకునే ప్రోగ్రాం. మెయిల్, ఫైళ్లు, డైరీ, ఇంటి లెక్కలు, టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ), ప్రోగ్రాములు అన్నీ ఈమాక్స్‌లోనే. పదకొండేళ్లుగా ఇదే అలవాటు. ఆదివారాలు నా దగ్గరికి కొందరు ఇంజినీరింగ్ పిల్లలు వస్తారు. వాళ్లు అడిగేవి, నాతో పనిచేసేవాళ్లు అనేవి కలిపితే ఇంచుమించు ఇవే మాటలు. ఒక్కసారి రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఈ పోస్టు.

అపోహ: ఈమాక్స్ అంటే నోట్‌ప్యాడ్ లాంటిదే, కాకపోతే కొంచెం పెద్దది.

పేరు ఎడిటరే, లోపల ఉన్నది మాత్రం లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపే యంత్రం. అడుగున కొంత భాగం సీ భాషలో ఉంటుంది, మిగతాదంతా లిస్ప్‌లో రాసిందే. మీరు ఒక అక్షరం కొడితే, ఆ అక్షరాన్ని తెరమీద పెట్టే లిస్ప్ ఫంక్షన్ ఒకటి నడుస్తుంది. ఆ ఫంక్షన్ ఏదో చూడొచ్చు, చదవొచ్చు, మార్చుకోవచ్చు. కంట్రోల్-హెచ్ కొట్టి, తర్వాత కె కొట్టి, ఏ మీట నొక్కినా అది ఏం చేస్తుందో ఈమాక్సే చెబుతుంది.

అసలు విషయం ఇంకొకటి ఉంది. ఈమాక్స్‌లో మెయిల్ అయినా, ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా అయినా, సర్వర్ లాగ్ అయినా అంతా టెక్స్టే. వెతకడం, కత్తిరించడం, అతికించడం, మార్చడం ఒక్కసారి నేర్చుకుంటే అన్నిచోట్లా అవే మీటలు.

ఒక ఉదాహరణ చెబుతాను. పోయిన ఏడాది తెలిసినాయన ఒకరు పాత కాగితాలు స్కాన్ చేయించి 340 ఫైళ్లు పంపారు. పేర్లన్నీ స్కాన్ 0001, స్కాన్ 0002 అని వరుసగా ఉన్నాయి. ప్రతి పేరు ముందూ ఊరి పేరు, సంవత్సరం చేర్చాలి. ఆ ఫోల్డర్‌ను ఈమాక్స్‌లో తెరిచాను. డైర్‌ఎడ్ అనే భాగం ఫైళ్ల జాబితా చూపిస్తుంది. అక్కడ కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-క్యూ కొడితే ఆ జాబితా మామూలు టెక్స్టులా దిద్దుకునేలా మారిపోతుంది. మొదటి పేరు దిద్దేముందు ఎఫ్3 నొక్కాను, దిద్ది కిందికి వచ్చాక ఎఫ్4. నేను చేసింది ఈమాక్స్ గుర్తుపెట్టుకుంది. తర్వాత ఎఫ్4 నొక్కిన ప్రతిసారీ ఒక పేరు మారుతూ పోయింది. చివర్లో కంట్రోల్-సి, కంట్రోల్-సి కొట్టగానే డిస్కు మీద 340 ఫైళ్ల పేర్లూ మారాయి. టీ చల్లారేలోపు పని అయిపోయింది. పేర్లు మార్చే సాఫ్ట్‌వేర్ ఏదీ నేను నేర్చుకోలేదు. ఉత్తరంలో ఒక వాక్యం దిద్దడానికి వాడే మీటలే ఇక్కడా వాడాను.

అపోహ: ఈమాక్స్ ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ అక్కర్లేదు.

అక్కర ఉంది. లినక్సో, విండోసో, మాకో కింద ఉండాల్సిందే. లినక్స్‌లో ఎక్స్‌డబ్ల్యూఎం అనే ప్యాకేజీ వేసుకుంటే మిగతా ప్రోగ్రాముల కిటికీలను కూడా ఈమాక్సే సర్దుతుంది, డెస్క్‌టాప్ అంటూ వేరే ఉండదు. అది కూడా ఆపరేటింగ్ సిస్టమ్ పైన నడిచేదే.

అపోహ: ఇది ప్రోగ్రామర్లకే.

ఈ మాట విన్నప్పుడల్లా మా చిన్నాయన గుర్తొస్తాడు. ఆయనది మిర్చి పంట. ఏనుమాముల మార్కెట్లో అమ్మి వచ్చిన రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి, "కొడుకా, ఈ లెక్క జర చూడు, నాకు కలుస్తలేదు" అని తక్‌పట్టీ (మార్కెట్లో ఇచ్చే తూకాల చీటీ), తన చిన్న నోటుబుక్కు ముందు పెట్టాడు. ఆయన ఒక్కో బస్తా తూకం చదువుతుంటే నేను ఆర్గ్ మోడ్‌లో, అంటే ఈమాక్స్‌లో నోట్సు, పట్టికలు రాసుకునే భాగంలో, పట్టిక కట్టాను. ఒక నిలువు గీత, అంకె, మళ్లీ గీత, ట్యాబ్. ట్యాబ్ కొట్టిన ప్రతిసారీ గడులు వాటంతటవే సర్దుకుంటాయి. 41.2, 39.8, 40.5 అలా పోయాక అడుగున ఒక లైను ఫార్ములా. మొత్తం వచ్చేసింది. తక్‌పట్టీలో ఒక బస్తా ఎక్కువ ఉంది. చూస్తే చిన్నాయన నోటుబుక్కులో పేజీ తిప్పేచోట ఒక తూకం రాయడం మరిచిపోయాడు. అప్పటి నుంచి విత్తనాలు, మందులు, కోత కూలి అన్నీ అదే ఫైల్లో. నాలుగు సీజన్ల లెక్క ఒకేచోట ఉంది. అది ఉత్త టెక్స్ట్ ఫైలు కాబట్టి ఈమాక్స్ లేని కంప్యూటర్లో కూడా చదువుకోవచ్చు.

ఆర్గ్ మోడ్‌ను 2003లో మొదలుపెట్టిన కార్‌స్టెన్ డొమినిక్ ఖగోళ శాస్త్రవేత్త. తన నోట్సు, పనుల జాబితా సర్దుకోవడానికి రాసుకున్నాడు. ఇవాళ దాన్ని పాఠాలు రాసుకునే టీచర్లు, పరిశోధన చేసేవాళ్లు కూడా వాడుతున్నారు.

అపోహ: తెలుగు పనిచేయదు.

ఒకప్పుడు ఈ మాటలో నిజం ఉండేది. నా పాత మెషీన్‌లో ఒత్తులు అక్షరం కింద కుదురుగా కూర్చునేవి కావు, "స్త్రీ" అని రాస్తే ముక్కలు ముక్కలుగా కనిపించేది. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అక్షరాలను కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటోంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ కూడా వాడేది దాన్నే. మంచి తెలుగు ఫాంటు ఉంటే చాలు. టైపింగ్ కోసం బయటి సాఫ్ట్‌వేర్ కూడా వద్దు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు), ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతి రెండూ ఈమాక్స్‌తోనే వస్తాయి. కంట్రోల్, వెనక్కి వాలిన గీత కలిపి నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లిష్. ఈ పోస్టు అలా కొట్టిందే.

లోటు లేదని అనను. తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కోటి ఒక్కో తీరు కాబట్టి, ఆర్గ్ పట్టికలో తెలుగు మాటలుంటే నిలువు గీతలు వంకర పోతాయి. టెర్మినల్ లోపల నడిపితే ఒత్తులు చెదురుతాయి, అందుకే తెలుగు రాసేటప్పుడు దాన్ని విడి కిటికీలోనే నడపండి.

అపోహ: బాగా బరువు, కంప్యూటర్ నెమ్మదిస్తుంది.

"ఎనిమిది మెగాబైట్ల మెమరీ తింటుంది" అని 1980లలో ఎగతాళి చేసేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫొటో దాదాపు అంత ఉంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో నేను ఏళ్ల తరబడి వాడాను. తెరవడం ఆలస్యమైతే డీమన్‌గా నడపండి. 2009లో వచ్చిన 23వ వెర్షన్ నుంచి ఆ వసతి ఉంది. పొద్దున ఒకసారి మొదలై వెనక ఉండిపోతుంది, తర్వాత ఏ ఫైలైనా రెప్పపాటులో తెరుచుకుంటుంది.

అపోహ: కంట్రోల్ నొక్కీ నొక్కీ చిటికెన వేలు పోతుంది.

నొప్పి నిజమే, నాకూ వచ్చింది. క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకున్నాక తగ్గింది. విమ్ అనే ఇంకో ఎడిటర్ అలవాటున్నవాళ్లు ఈవిల్ మోడ్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే ఆ మీటలే ఇక్కడా పనిచేస్తాయి. మౌసు, మెనూలు కూడా ఉన్నాయి, మొదట్లో వాటిని వాడుకోవడం తప్పేమీ కాదు.

అపోహ: అన్నీ ఒకేచోట ఉంటే, కరెంట్ పోయిన రోజు అన్నీ పోతాయి.

ఒక మే నెల సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. అప్పటికే నా యూపీఎస్ బ్యాటరీ పాడైపోయి ఉంది. పదిహేను ఫైళ్లు తెరిచి ఉన్నాయి, అందులో ఒక క్లయింట్‌కు రాత్రి పంపాల్సిన రిపోర్టు సగంలో ఉంది, సేవ్ చేయలేదు. టెన్షన్‌తో చేతులు ఆడలేదు. కరెంటు వచ్చాక ఆల్ట్-ఎక్స్ కొట్టి, పాత సెషన్‌ను తిరిగి తెచ్చే కమాండు ఇచ్చాను. రిపోర్టులో పోయింది ఒక్క వాక్యం, అంతే. ఈమాక్స్ 300 మీటలకు ఒకసారి, లేదా మీరు 30 సెకన్లు ఊరుకుంటే, తనంతట తాను పక్క ఫైల్లో దాచిపెడుతుంది. ఎవరూ సెట్ చేయాల్సిన పని లేదు.

అపోహ: ఇది పాతకాలపు సరుకు.

పాతదే. 1976లో ఎంఐటీ ల్యాబ్‌లో పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్‌ను 1985లో విడుదల చేశారు. పాతదంటే ఆగిపోయినదని కాదు. 2023లో వచ్చిన 29వ వెర్షన్‌లో కోడ్ నిర్మాణాన్ని గుర్తుపట్టే ట్రీ-సిట్టర్, ఒక్కో ప్రోగ్రామింగ్ భాష కోసం ఉండే సహాయక సర్వర్లతో మాట్లాడే ఎగ్లాట్ చేరాయి. ఇప్పటి ఎడిటర్లు కోడ్‌ను ఎలా అర్థం చేసుకుంటాయో అదే తీరు ఇక్కడికీ వచ్చింది. 2025లో వచ్చిన 30వ వెర్షన్ ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా నడుస్తుంది.

బొమ్మలు, మెరుపులు లేవని చిన్నచూపు చూసేవాళ్లకు ఒక మాట చెప్పాలి. టి.వి. రామన్ అనే మన భారతీయ కంప్యూటర్ శాస్త్రవేత్తకు చూపు లేదు. ఈమాక్స్‌లో ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ఈమాక్‌స్పీక్‌ను ఆయన 1995లో విడుదల చేశారు. మామూలు స్క్రీన్ రీడర్ తెరమీద కనిపించేదాన్ని చదువుతుంది. ఈమాక్‌స్పీక్ ఈమాక్స్ లోపలే కూర్చుంటుంది కాబట్టి, ఈ లైను క్యాలెండర్‌లో తేదీ, ఈ లైను ప్రోగ్రాంలో కామెంటు అని దానికి తెలుసు, ఆ తేడా గొంతులో వినిపించేలా చదువుతుంది. అంతా టెక్స్టుగా ఉండటం వల్లే అది సాధ్యమైంది. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఈ సంగతే.

అపోహ: ఈమాక్స్ వాడితే ప్రతిదీ దాని లోపలే చేయాలి.

ఇది ఈమాక్స్ వాడే మా వాళ్లలోనే ఉన్న అపోహ. ఈమాక్స్ చాలావరకు ఒకసారికి ఒక పనే చేస్తుంది. కాజీపేటలో రైలెక్కి, దూరంలోని సర్వర్ ఫైలు ఒకటి తెరిచి దిద్దుతూ కూర్చున్నాననుకోండి. జనగామ దాటాక సిగ్నల్ పోతే మొత్తం బిగుసుకుపోతుంది. కంట్రోల్-జి కొట్టి బయటపడాలి, ఒక్కోసారి అదీ వినదు. అదే రైల్లో మెయిల్ మాత్రం హాయిగా సాగుతుంది. ఉత్తరాలన్నీ ముందే డిస్కులోకి దిగి ఉంటాయి, జవాబులు రాసి వరుసలో పెడతాను, భువనగిరి దగ్గర సిగ్నల్ రాగానే పంపిస్తాను. బ్యాంకు పనులు, వీడియో కాల్స్ అయితే బ్రౌజర్‌లోనే. లోపల ఒక చిన్న బ్రౌజర్ ఉన్నా, జావాస్క్రిప్ట్ నడపదు కాబట్టి వ్యాసాలు చదువుకోవడానికే సరిపోతుంది.

అపోహ: మంచి సెట్టింగుల ఫైలు ఎవరి దగ్గరైనా తెచ్చుకుంటే చాలు.

నేను చేసిన మొదటి తప్పు ఇదే. ఎవరో రాసిన రెండు వేల లైన్ల ఫైలు తెచ్చి పెట్టుకున్నాను. మూడు వారాలు బాగుంది. ఒక అప్‌డేట్ తర్వాత మెయిల్ తెరుచుకోలేదు, ఏ లైను ఎందుకుందో నాకు తెలియదు, ఎక్కడ చేయి పెట్టాలో అర్థం కాలేదు. అంతా తీసేసి ఖాళీగా మొదలుపెట్టాను.

కొత్తగా వచ్చేవాళ్లు కంట్రోల్-హెచ్, తర్వాత టి కొట్టండి. ఒక పాఠం తెరుచుకుంటుంది, గంటలో అయిపోతుంది. మొదటి నెల ఫైళ్లు దిద్దడానికే వాడండి, తర్వాత డైర్‌ఎడ్, తర్వాత ఆర్గ్. మెయిల్ అన్నిటికన్నా చివర, ఎందుకంటే దాన్ని కుదిర్చేటప్పుడే ఎక్కువమంది విసిగిపోతారు. ఏదైనా ఇబ్బంది ఎదురైన రోజునే దాని కోసం ఒక లైను చేర్చండి, ఎందుకు చేర్చారో పక్కనే రాయండి. నా ఫైలు ఇప్పుడు 212 లైన్లు. ప్రతి దాని పక్కనా తెలుగులో ఒక కారణం రాసి ఉంది. తెలుగు ఫాంటు పెట్టే లైను పక్కన "చిన్నాయన పట్టిక కోసం" అని ఉంటుంది.