ఎండకు అంతరిక్షంలో పరదా: ఈ ఆలోచన ఎక్కడిది, ఎందాకా వచ్చింది?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలోని మా బల్లార్‌పూర్, రాజురా వైపు రోహిణి దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్ సగం నుంచే మధ్యాహ్నం రోడ్ల మీద మనిషి కనపడడు, చంద్రాపూర్‌లో 47 డిగ్రీలు దాటిన వేసవులు కూడా చూశాం. అందుకే సూర్యుడికీ భూమికీ మధ్య పరదా కట్టి ఎండ తగ్గిస్తారట అని ఎవరైనా అంటే ఇక్కడ జనం నవ్వరు, అవుతుందా అని నిజంగానే అడుగుతారు. నా మాట ముందే చెప్పేస్తాను: సైన్సు పరంగా ఇందులో తప్పు లేదు, కానీ మన పిల్లలు పడబోయే ఎండలకు ఇది అందిరాదు.

దీని మూలం 1965లో ఉంది. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు సైన్సు సలహాదారులు ఇచ్చిన నివేదికలో బొగ్గు, చమురు కాల్చడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి భూమి వేడెక్కుతుందని స్పష్టంగానే రాశారు. విరుగుడుగా వాళ్లు ఆలోచించింది మాత్రం, వెలుతురును తిప్పికొట్టే రేణువులను సముద్రాల మీద చల్లడం! కాల్చడం తగ్గించడం గురించి కాదు. బొగ్గు గనుల మధ్య బతికే మాలాంటి వాళ్లం ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన ఆలోచనల వెనక కూడా ఈ మొండితనం ఎంతో కొంత ఉంది.

పరదా ఆలోచనను అంతరిక్షంలోకి తీసుకెళ్లింది అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఎర్లీ, 1989లో. 2,000 కిలోమీటర్ల వెడల్పున్న పల్చటి గాజు తెరను చంద్రుడి మట్టితో అక్కడే తయారుచేసి ఎల్1 దగ్గర నిలపాలన్నాడు. ఎల్1 అంటే భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున ఉండే చోటు, అక్కడ పెట్టిన వస్తువు భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. మన ఇస్రో 2023 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి పంపిన ఆదిత్య-ఎల్1 నాలుగు నెలలు ప్రయాణం చేసి 2024 జనవరిలో చేరింది అక్కడికే. అంటే అక్కడికి చేరడం కష్టం కాదు. కష్టం బరువుది.

ఆ లెక్కను బాగా విప్పి చూపింది అరిజోనా విశ్వవిద్యాలయంలోని రోజర్ ఏంజెల్. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయితే వచ్చే వేడిని ఆపడానికి ఎండలో సుమారు 1.8 శాతం తగ్గిస్తే చాలు, వినడానికి చిన్న అంకె. దానికోసం 2006లో ఆయన వేసిన ప్లాన్‌లో ఒక్కొక్కటి సుమారు 1.2 గ్రాముల బరువుండే, రెండడుగుల వెడల్పు పల్చటి బిళ్లలు 16 లక్షల కోట్లు కావాలి, మొత్తం 2 కోట్ల టన్నులు. రాకెట్లతో అయ్యే పని కాదు కాబట్టి విద్యుదయస్కాంత శక్తితో విసిరే యంత్రాలు 20 పెట్టి, ఒక్కోదాంతో ఐదు నిమిషాలకోసారి చొప్పున పదేళ్లు ఆగకుండా పంపాలి. ఖర్చు కొన్ని లక్షల కోట్ల డాలర్లు. ఆదిత్య బరువు దాదాపు ఒకటిన్నర టన్ను, అలాంటివి కోటీ ముప్పై లక్షలకు పైగా పంపినంత బరువన్నమాట.

ఇంకో చిక్కుంది. సూర్యకాంతికి తోసే గుణం ఉంటుంది, పల్చటి తెరను అది తెరచాపను గాలి నెట్టినట్టు భూమి వైపు నెడుతూనే ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికే ఏంజెల్ తన బిళ్లలను ఎల్1 కన్నా ఇంకా సూర్యుడి వైపుకు, భూమికి 18.5 లక్షల కిలోమీటర్ల దూరానికి జరిపాడు. తెరను తేలిక చేస్తే నిలవదు, నిలపాలంటే బరువు పెంచాలి. 2023లో హవాయి విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఇస్త్వాన్ సాపుడి దీనికి ఒక దారి చూపించాడు: తెరను గ్రహశకలానికి కట్టేస్తే, లేదా చంద్రుడి ధూళిని ప్రతిబరువుగా వాడితే మొత్తం 35 లక్షల టన్నులు చాలట, అందులో భూమి నుంచి పంపాల్సింది 35 వేల టన్నులు. కాగితం మీద బరువు ఇంతగా తగ్గడం గొప్ప సంగతే, ఒప్పుకోవాలి. కానీ గ్రహశకలాన్ని పట్టి తెచ్చి తాడు కట్టిన అనుభవం ప్రపంచంలో ఎవరికీ లేదు.

సరే, ఎలాగో కట్టారనే అనుకుందాం. వాన సంగతేంటి? సిరోంచ వైపు వరి అయినా, రాజురా వైపు పత్తి అయినా మృగశిర మీద ఆశ పెట్టుకునే సాగవుతాయి, మాకు అసలు టెన్షన్ అక్కడే. ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్న గోవిందసామి బాల 2000లో వాతావరణ శాస్త్రవేత్త కెన్ కాల్డీరాతో కలిసి కంప్యూటర్ నమూనాలో ఎండ తగ్గించి చూస్తే, ఉష్ణోగ్రతలు చాలా ప్రాంతాల్లో అనుకున్నదానికన్నా బాగానే సర్దుకున్నాయి. 2008లో ఆయన బృందమే నీటి చక్రాన్ని పరిశీలించింది. కార్బన్ డయాక్సైడ్ వల్ల ఒక డిగ్రీ మారితే ప్రపంచ సగటు వాన 1.5 శాతం మారుతుంది, ఎండ వల్ల అదే డిగ్రీ మారితే 2.4 శాతం. అందుకే ఎండ తగ్గించి వేడిని సరిగ్గా పాత చోటికి తెస్తే వాన పాతదానికన్నా తగ్గుతుంది. అది సగటు లెక్క, ఏ జిల్లాకు ఎంత లోటో ఆ సగటు చెప్పదు.

సముద్రాలు ఆమ్లంగా మారడం పరదా కింద కూడా ఆగదు, ఎందుకంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ అలాగే ఉంటుంది. ఏ కారణంగానైనా పరదా పోతే, దాచిపెట్టిన వేడంతా కొన్నేళ్లలోనే మీదపడుతుంది. అందుకే పరిశోధన చేయనివ్వండి, నేను వద్దనను. అది ఉందని చెప్పి బొగ్గు తగ్గించడం వాయిదా వేస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు. బొగ్గుతో నడిచే మా చంద్రాపూర్ థర్మల్ కేంద్రం ఒక్కటే 2,920 మెగావాట్లది.

ఇక ఎండను ఎంత తగ్గించాలో ఎవరు నిర్ణయిస్తారన్నది. 1967 అంతరిక్ష ఒప్పందం అంతరిక్షం, అంటే ఎల్1 కూడా, ఏ దేశం సొంతమూ కాదంటుంది. 1977 ఒప్పందం వాతావరణాన్ని యుద్ధ ఆయుధంగా వాడొద్దంటుంది. మంచి ఉద్దేశంతోనే ఒక దేశం పరదా వేసి, దానివల్ల ఇంకో దేశంలో వాన తగ్గితే ఆ రైతుకు ఎవరు జవాబు చెప్పాలన్నది ఈ రెండిట్లోనూ స్పష్టంగా లేదు.