బాగానే కనిపించే టైమింగ్ బెల్టు

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో గాలి పీల్చడం నుంచి పొగ వదలడం దాకా ఒక వరస పూర్తి కావాలంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, రెండు చుట్లు తిరగాలి. ఆ రెండు చుట్లలో గాలి, పొగ వెళ్ళే దారులను తెరిచి మూసే ప్రతి వాల్వూ ఒక్కసారే తెరుచుకోవాలి. అంటే వాల్వులను నొక్కే క్యామ్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సరిగ్గా సగం వేగంతో తిరగాలి. బండి సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో ఉన్నా, హైవే మీద 4000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటినా ఈ లెక్క తప్పకూడదు. మారుతి 800, జెన్, శాంత్రో, డీజిల్ ఇండికా, పాత ఇన్నోవా, డీజిల్ డస్టర్ లాంటి ఎన్నో బళ్ళలో ఈ లెక్కను కాపాడేది పళ్ళున్న ఒక రబ్బరు బెల్టు. దాన్నే టైమింగ్ బెల్టు అంటారు. క్రాంక్ పుల్లీకి ఎన్ని పళ్ళు ఉంటాయో క్యామ్ పుల్లీకి సరిగ్గా దానికి రెట్టింపు ఉంటాయి.

బెల్టు ఒక్క పన్ను జారితే ఏమవుతుంది? క్రాంక్ పుల్లీకి 20 పళ్ళు ఉన్నాయనుకుందాం. చుట్టుకు 360 డిగ్రీలు కాబట్టి పన్నుకు 18 డిగ్రీలు. వాల్వులన్నీ అంత ముందుగానో అంత ఆలస్యంగానో తెరుచుకుంటాయి. ఇంజిన్ స్టార్టయినా పికప్ పడిపోతుంది, మైలేజీ తగ్గుతుంది, ఐడ్లింగ్ కుదురుగా ఉండదు. బెల్టు పూర్తిగా తెగితే కథ వేరు. క్యామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. క్రాంక్ మాత్రం బండి పరుగుతో పాటు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ క్షణంలో తెరిచి ఉన్న వాల్వులు అలాగే ఉండిపోతాయి, పైకొచ్చిన పిస్టన్లు వాటిని గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్ తల కూడా పగులుతుంది. ఇక ఇంజిన్ పైభాగమైన హెడ్‌ను దించక తప్పదు.

అన్ని ఇంజిన్లలోనూ ఇలా జరగదు. కొన్ని పెట్రోల్ ఇంజిన్లలో వాల్వు పూర్తిగా దిగినా, పిస్టన్ పూర్తిగా పైకొచ్చినా మధ్యలో కాస్త ఖాళీ ఉంటుంది. వాటిలో బెల్టు తెగితే బండి ఆగుతుంది, కొత్త బెల్టు వేస్తే మళ్ళీ కదులుతుంది. డీజిల్ ఇంజిన్లకు ఆ వెసులుబాటు దాదాపు ఉండదు. గాలిని బాగా నొక్కి, ఆ వేడితోనే ఇంధనాన్ని అంటించాలి కనుక పిస్టన్ పైకొచ్చేసరికి మిగిలే చోటు చాలా తక్కువ. మీ బండి ఏ రకమో తెలుసుకోకుండా బెల్టు సంగతి వాయిదా వేయకండి.

ఒకప్పుడు ఈ పని గొలుసులూ గేర్లూ చేసేవి. జర్మనీలో బవేరియా ప్రాంతంలోని డింగోల్‌ఫింగ్‌లో హాన్స్ గ్లాస్ అనే చిన్న కార్ల కంపెనీ ఉండేది. అది 1962లో అమ్మకానికి తెచ్చిన గ్లాస్ 1004, టైమింగ్ బెల్టుతో పెద్ద ఎత్తున తయారైన మొదటి కారు. నాలుగేళ్ళకే అమెరికాలో పాంటియాక్, ఇటలీలో ఫియట్ అదే దారి పట్టాయి. బెల్టుకు చప్పుడు తక్కువ, బరువు తక్కువ, ఖర్చు తక్కువ, ఆయిల్ అక్కర్లేదు. గొలుసులా ఇంజినంత కాలం మన్నకపోవడమే దాని లోపం. మారుతి కె-సిరీస్ ఇంజిన్లు మళ్ళీ గొలుసుకే వెళ్ళాయి.

దీన్ని రబ్బరు బెల్టు అంటాం గానీ, లాగుడును భరించేది రబ్బరు కాదు. బెల్టు పొడవునా లోపల సన్నని గాజు నార తాళ్ళు పోతాయి. గాజు నార సాగదు, లాగితే ఓ పట్టాన తెగదు. అందుకే వేల కిలోమీటర్లు తిరిగినా బెల్టు పొడవు దాదాపు మారదు. కానీ మడత పెడితే గాజు గాజే. కొత్త బెల్టును చేతిలో మెలితిప్పినా, లోపలి వైపు బయటికి తిప్పినా, స్క్రూడ్రైవర్‌తో ఎగదోసి పుల్లీ మీదికి ఎక్కించినా, లోపల కొన్ని పోగులు చిట్లుతాయి. పైకి ఏమీ కనబడదు. కొంతకాలానికి అదే మడత దగ్గర కత్తితో కోసినట్టు అడ్డంగా, తిన్నగా తెగుతుంది. నిండా వయసున్న బెల్టు తెగితే అంచులు పీచుపీచుగా ఉంటాయి. తెగిన బెల్టును పారేయకుండా చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

తాళ్ళ చుట్టూ ఉన్న రబ్బరుకు వేరే శత్రువులున్నాయి. బీరువాలో పాత కాగితాల కట్టకు వేసిన రబ్బరు బ్యాండు కొన్నేళ్ళకు ముట్టుకుంటేనే పుటుక్కున విరిగిపోతుంది కదా, అక్కడ పనిచేసిన రసాయనమే ఇక్కడా పనిచేస్తుంది. రబ్బరు అణువుల గొలుసుల్లో కార్బన్ల మధ్య జంట బంధాలుంటాయి. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ అక్కడే దాడి చేస్తాయి. గొలుసులు తెగడమో, ఒకదానికొకటి అడ్డంగా ముడిపడి గట్టిపడడమో జరుగుతుంది. వేడి తోడైతే ఇది ఇంకా తొందరగా సాగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో తిరిగే బండిలో బెల్టు కవర్ కింద వేడి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తొలినాళ్ళ బెల్టులు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేసేవారు. తర్వాత నైట్రైల్ రబ్బరుకు హైడ్రోజన్ ఎక్కించి, ఆ జంట బంధాల్లో చాలావాటిని ముందే తీసేసిన హెచ్ఎన్‌బీఆర్ అనే రబ్బరు వచ్చింది. వేడికీ ఆయిల్‌కీ ఇది చాలా మెరుగ్గా తట్టుకుంటుంది. బెల్టు ఆయుష్షు బాగా పెరిగింది. దాంతో పాటు ఒక చిక్కూ వచ్చింది. నియోప్రీన్ బెల్టు ముసలిదైతే వీపు మీద పగుళ్ళు కనిపించేవి. హెచ్ఎన్‌బీఆర్ బెల్టు మీద చాలాసార్లు అవి రావు. లోపల తాళ్ళు అలసిపోయినా, పళ్ళ మొదళ్ళు బలహీనపడినా పైన నున్నగా నల్లగానే ఉంటుంది. కవర్ విప్పి చూసి "బెల్టు బాగానే ఉంది, ఇంకో ఏడాది నడుస్తుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఆ మాట 1970ల బెల్టుకు సరిపోయేదేమో గానీ ఇప్పటిదానికి కాదు.

అలసట ఎంతుంటుందో ఒకసారి లెక్క కడదాం. బెల్టుకు 100 పళ్ళు, క్రాంక్‌కు 20 పళ్ళు అనుకుంటే, క్రాంక్ అయిదు చుట్లకు బెల్టు ఒకసారి పూర్తిగా తిరిగొస్తుంది. గంటకు సగటున 40 కిలోమీటర్ల చొప్పున 80,000 కిలోమీటర్లు తిరగడానికి 2000 గంటలు. సగటు 2000 ఆర్‌పీఎం అయితే క్రాంక్ 24 కోట్ల చుట్లు, బెల్టు 4.8 కోట్ల చుట్లు. ఒక్కో చుట్టులో క్రాంక్, క్యామ్, బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంప్ దగ్గర నాలుగు సార్లు వంగుతుందనుకుంటే 19 కోట్లు దాటుతుంది. ఇక హైదరాబాద్ ట్రాఫిక్‌లో సగటు వేగం 20కి పడిపోతే, 1500 ఆర్‌పీఎం అనుకున్నా, అదే 80,000 కిలోమీటర్లకు బెల్టు 7.2 కోట్ల చుట్లు తిరగాలి. మీటరు మీద అంకె ఒకటే, బెల్టు పడిన కష్టం ఒకటిన్నర రెట్లు. కంపెనీ పుస్తకంలో కిలోమీటర్లతో పాటు ఏళ్ళ గడువు కూడా ఉంటే ఏది ముందొస్తే అది పాటించాలి. అలాంటి బండి ఊళ్ళోనే తిరిగేదైతే గడువు కన్నా ముందే మార్చడం నయం.

అలాగని ఇంట్లో కవర్ విప్పి చూడడం వృథా కాదు. గడువు పొడిగించడానికి కాకుండా, గడువులోపే చెడిపోతోందేమో పట్టుకోవడానికి చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, తాళం చెవి తీసేసి, పై కవర్ బోల్టులు విప్పి టార్చి వేసి చూడండి. బెల్టు అంచు ఒకవైపే అరిగి పోగులు బయటికొస్తే పుల్లీయో టెన్షనరో వంకర తిరిగిందన్నమాట. పళ్ళ మీది నైలాన్ బట్ట అరిగి మెరుస్తుంటే బెల్టు మరీ బిగుతుగా ఉందేమో అనుమానించాలి. బెల్టు తడిగా, ఉబ్బినట్టు ఉంటే క్యామ్ ఆయిల్ సీలో వాటర్ పంపో కారుతోంది. కారేదాన్ని ఆపకుండా కొత్త బెల్టు వేస్తే అదీ త్వరలోనే పాడవుతుంది. ఏదైనా పన్ను మొదట్లో చీలిక కనిపిస్తే బండి స్టార్ట్ చేయకుండా అక్కడే ఆపేయండి.

మరి మార్చడం? ఇంజిన్ పాతకాలపు సాదా రకం అయి, పుల్లీల మీద మార్కింగులు స్పష్టంగా ఉండి, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్, బోల్టు బిగింపును కొలిచే టార్క్ రెంచ్ చేతిలో ఉంటే ఓపికున్నవాళ్ళు ఇంట్లో చేయగలరు. క్రాంక్, క్యామ్‌లను ప్రత్యేకమైన పిన్నులతో లాక్ చేయాల్సిన డీజిళ్ళను మాత్రం ఆ టూల్స్ ఉన్న వర్క్‌షాపుకే వదలండి. బెల్టును ఆయిల్‌లోనే నడిపే ఇంజిన్లూ ఉన్నాయి, వాటినీ ఇంట్లో ముట్టుకోవద్దు.

బ్యాటరీ నెగెటివ్ తీసి, బండిని స్టాండు మీద నిలిపాకే బెల్టు వైపు ముందు చక్రం విప్పాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే కంప్రెషన్ పోయి క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఒకటో సిలిండర్ పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి మార్కులు కలిశాయో లేదో చూసుకుని, పెయింటుతో మన గుర్తులు కూడా పెట్టుకోవాలి. పాత బెల్టు తీసిన క్షణంలో వాల్వు స్ప్రింగులు క్యామ్‌ను ఒక్కసారిగా పక్కకు తోసెయ్యగలవు, దానికి సిద్ధంగా ఉండాలి. బెల్టు లేనప్పుడు క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ విడిగా తిప్పకండి.

టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ, బెల్టు మీద నడిచే వాటర్ పంప్, ఆయిల్ సీల్స్ కూడా అప్పుడే మార్చడం నా దృష్టిలో తప్పనిసరి. బెల్టు ఎంత కొత్తదైనా టెన్షనర్ బేరింగ్ పట్టేస్తే ఫలితం ఒకటే, వాల్వులు వంగుతాయి.

కొత్త బెల్టును క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, క్రాంక్ లాగే వైపు ఎక్కడా వదులు లేకుండా క్యామ్ మీదికి ఎక్కించాలి. మిగిలిన వదులంతా టెన్షనర్ ఉన్న వైపుకు చేరాలి. బిగింపు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. అల్యూమినియం వేడికి వ్యాకోచిస్తుంది. క్రాంక్‌కూ క్యామ్‌కూ మధ్య 40 సెంటీమీటర్ల అల్యూమినియం ఉంటే, 70 డిగ్రీల వేడి పెరిగేసరికి ఆ దూరం సుమారు 0.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాజు నార అంత పెరగదు కాబట్టి బెల్టు ఇంకా బిగుసుకుంటుంది.

అంతా బిగించాక స్టార్టర్ జోలికి వెళ్ళకుండా, క్రాంక్‌ను పానాతో, ఇంజిన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. అప్పటికి క్యామ్ ఒక చుట్టు పూర్తి చేసి మార్కులు మళ్ళీ కలవాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే బలం పెట్టకండి, అది వాల్వుకు పిస్టన్ తగలడం కావచ్చు. మార్కు అర పన్ను తేడాగా కనిపించినా విప్పి మళ్ళీ వేయాలి. ఒక్కోసారి బెల్టు మీద అచ్చువేసిన గీతలు రెండు చుట్లకు తిరిగి అదే చోటికి రావు. బెల్టు చుట్టు వేరు కాబట్టి అది మామూలే. పుల్లీల మార్కులే ప్రమాణం.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు సన్నని ఈల లాంటి మోత వస్తే బిగింపు ఎక్కువైనట్టు, కవర్‌కు తపతపా తగిలే చప్పుడు వస్తే తక్కువైనట్టు. రెండింట్లో ఏది వినిపించినా వెంటనే ఆపి సరిచేయాలి. ఏ శబ్దమూ లేకపోతే తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బెల్టు కవర్‌కు అంటించండి. ఆ బండి రేపు ఇంకొకరి చేతికి వెళ్ళినా బెల్టు వయసు ఎంతో వాళ్ళకు తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి అలాంటి స్టిక్కర్ గానీ, బిల్లు గానీ లేకపోతే దాన్ని గడువు దాటిన బెల్టుగానే లెక్కేసుకుని వెంటనే మార్పించండి.