పూసకు కట్టేసిన రసాయనం

అపార్ట్‌మెంట్ వాటర్ సాఫ్ట్‌నర్‌లో ఉప్పు ఎందుకు పోస్తారో తెలిస్తే, రసాయనాలను పూసలకు కట్టి వాడే ఈ కథ సగం అర్థమైనట్టే. ఆ సిలిండర్ నిండా ఆవగింజ కన్నా చిన్న పాలిస్టైరీన్ పూసలు, వాటికి రసాయనికంగా అతికించిన సల్ఫోనిక్ సమూహాలు ఉంటాయి. నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకునేవి అవే. ఉప్పునీళ్లలో కాల్షియాన్ని వదిలేసి పూస మళ్లీ పనికి సిద్ధమవుతుంది.

స్టైరీన్ అనగానే విశాఖవాసికి 2020 మే 7, వెంకటాపురం గుర్తొస్తాయి. అక్కడి ఫ్యాక్టరీ నుంచి లీకైన ఆ ఆవిరే 12 ప్రాణాలు తీసింది. అదే స్టైరీన్ గొలుసుగా అల్లుకుని పాలిమర్ అయ్యాక ఆవిరి కాదు. డైవినైల్‌బెంజీన్ అనే రసాయనంతో ఆ గొలుసులను అడ్డంగా ముడివేస్తే ఏ ద్రావణిలోనూ కరగదు, ఉబ్బుతుందంతే. ఈ కథకు ఆధారం ఆ గుణమే.

ఇలా ఒక అయాన్‌ను వదిలి మరోదాన్ని పట్టుకునే అయాన్ మార్పిడి రెజిన్లను 1935లో ఇంగ్లండ్‌లో ఆడమ్స్, హోమ్స్ తయారుచేశారు. 1963లో అమెరికాలో మెరిఫీల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త, క్లోరోమిథైల్ సమూహాలున్న పాలిస్టైరీన్ పూసకు ఒక అమైనో ఆమ్లాన్ని కట్టి, దానిమీద ఒక్కొక్కటే చేరుస్తూ నాలుగింటి గొలుసు, అంటే పెప్టైడ్, చేశారు. మిగిలిపోయిన రసాయనాలన్నీ కడిగితే పోయేవి. 1984లో ఆయనకు నోబెల్ వచ్చింది.

1970లలో ఈ పద్ధతిని తిరగేసి, కావలసిన పదార్థాన్ని ద్రావణంలో వదిలి చర్య జరిపించే రసాయనాన్నే (రీఏజెంట్) పూసకు కట్టడం ఊపందుకుంది. దాని విలువ తెలియాలంటే ఫాస్ఫీన్ రీఏజెంట్‌తో కార్బన్ల మధ్య ద్విబంధం కట్టే విట్టిగ్ చర్య ఒక్కసారి చేసి చూడాలి. చర్య త్వరగానే అయిపోతుంది. ఉపఉత్పత్తిగా వచ్చే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ మాత్రం ఓ పట్టాన వదలదు. ఎమ్మెస్సీ రోజుల్లో దాన్ని వేరుచేయడానికి సిలికా పొడి నింపిన గాజు కాలమ్ ముందు సాయంత్రం దాకా నిలబడేవాణ్ణి, టెస్ట్‌ట్యూబులు మారుస్తూ, ఏ ట్యూబులో ఏముందో చెప్పే టీఎల్‌సీ ప్లేట్లు చూసుకుంటూ. చివరికి చేతికి వచ్చేది చెంచాడు పొడి, పక్కన వాడేసిన హెక్సేన్ సీసాలు. ఫాస్ఫీన్ పూసకు కట్టి ఉంటే ఆ ఆక్సైడ్ కూడా పూసతోపాటే ఫిల్టర్ పేపర్ మీద ఆగిపోతుంది. ట్రైక్లోరోసిలేన్‌తో దాన్ని మళ్లీ ఫాస్ఫీన్‌గా మార్చుకోవచ్చు.

విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీ వ్యర్థాల గురించి చుట్టుపక్కల రైతులు, జాలర్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. మందుల తయారీలో వ్యర్థం చాలావరకు ద్రావణులే, అందులోనూ శుద్ధి దశలో వాడేవి తక్కువేం కావు. అందుకే ఈ పాత కెమిస్ట్రీని మనవాళ్లు మళ్లీ తెరిచి చూడాలని గట్టిగా అంటాను.

అడ్డంకులూ ఉన్నాయి. పూసలు ఖరీదు, చర్య నెమ్మది, కడగడానికీ ద్రావణి కావాలి. పెద్ద రియాక్టర్‌లో స్టిరర్ కింద పూసలు నలిగి ఫిల్టర్ గుడ్డను మూసేస్తాయి. పూసల్ని కదిలించకుండా కాలమ్‌లో నింపి, ద్రావణాన్నే వాటిగుండా పంపితే ఈ నలిగే బెడద ఉండదు. ఫ్యాక్టరీల్లో నీళ్లలోని లవణాలు తీసేసే డీఎం వాటర్ ప్లాంట్ నడిచేది ఇలాగే, ఆ కాలమ్‌లను మళ్లీ పనికి సిద్ధం (రీజెనరేట్) చేసే ఆపరేటర్లూ మన దగ్గరే ఉన్నారు.