మే నెల వేడి వేరు, జులై ఉక్క వేరు

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవాళ్లు రెండు రకాల వేడికి సిద్ధపడాలి. రోహిణి కార్తె దాకా పొడి ఎండ, వడగాలి. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక ఉక్కపోత. భవన నియమావళి కూడా మన నగరాన్ని మిశ్రమ వాతావరణ ప్రాంతంగానే లెక్కేస్తుంది.

తేడా కూలర్ దగ్గర బాగా తెలుస్తుంది. మే మధ్యాహ్నం 40 డిగ్రీలుండి, గాలిలో తేమ 20 శాతమే అయితే, నీటిని ఆవిరి చేసి ఆ గాలిని 23 డిగ్రీల దాకా చల్లబరిచే వీలుంది. జులైలో 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున ఎంత మంచి కూలరైనా 26 దాటి దిగలేదు. పైగా గదిలో తేమ పెంచుతుంది. ఒక్క గ్రాము చెమట ఆరితే ఒంట్లోంచి దాదాపు 2,400 జౌళ్ల వేడి పోతుంది. చెమట ఆరకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకే మేలో పగలు కిటికీలు మూసి రాత్రి తెరవాలి, జులైలో రోజంతా గాలి ఆడాలి. రెండు కాలాల్లోనూ పనికొచ్చేది మాత్రం నీడ.

మనది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అంటే ఎండాకాలపు దెబ్బంతా డాబా మీదే. పై అంతస్తులో ఉండేవాళ్లు రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. పగలు పీల్చుకున్న వేడిని స్లాబు అప్పుడు కిందికి వదులుతుంటుంది. గదిలో గాలి కాస్త చల్లబడినా, కప్పు నుంచి వచ్చే ఆ వేడి నేరుగా ఒంటికి తగులుతుంది.

మామూలు సిమెంటు కప్పు తన మీద పడ్డ ఎండలో చాలా భాగాన్ని పీల్చేసుకుంటుంది. మంచి తెల్ల పూత కొత్తలో 70 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. దుమ్ము పేరుకుంటే ఆ గుణం తగ్గుతుంది, కాబట్టి అప్పుడప్పుడూ కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఇలాంటి కప్పును తప్పనిసరి చేసింది. అంతకన్నా చిన్న ఇళ్లకు అది వాళ్ల ఇష్టం. కానీ అందరికన్నా ఎక్కువ మాడిపోయేది రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు. వాళ్ల కప్పులకు పూత ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అసలు చిక్కు పడమటి గోడతో. సాయంత్రపు ఏటవాలు ఎండ సజ్జ కింద నుంచి దూరి వస్తుంది. అలాగని అటు కిటికీ లేకుండా చేస్తే ఉక్కపోత రోజుల్లో నష్టపోతాం, ఎందుకంటే వానాకాలపు గాలి ఎక్కువగా వీచేది పడమర, నైరుతి దిక్కుల నుంచే. లోపల కర్టెన్ వేసి లాభం తక్కువ. ఎండ అప్పటికే అద్దం దాటేసింది, కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదికే ఇస్తుంది. ఎండను బయటే ఆపాలి. కిటికీ బయట వెదురు తడిక కట్టి మధ్యాహ్నం మూడింటికి దించితే ఎండ ఆగుతుంది, సందుల్లోంచి గాలీ వస్తుంది. స్థలముంటే వేపచెట్టు మరీ మంచిది. గచ్చిబౌలి, కోకాపేట వైపు పడమటికి నిలువెత్తు అద్దాలు పెట్టిన ఫ్లాట్లు చూస్తే, లోపల ఉండబోయేవాళ్ల కరెంటు బిల్లు తలచుకుని బాధేస్తుంది.

కిటికీల విషయంలో ఒక లెక్క అడగండి. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, మనలాంటి చోట తెరుచుకునే భాగం కార్పెట్ ఏరియాలో కనీసం 12.5 శాతం ఉండాలి. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు 125 అడుగులన్నమాట. ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. చూడ్డానికి 20 అడుగులు, గాలికి పదే. అదే రెక్కల కిటికీ అయితే దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. వచ్చిన గాలి పోవడానికీ దారి కావాలి. పడగ్గది తలుపు మూశాక ఆ దారి ఉండదు. పాత ఇళ్లలో తలుపు పైన వెంటిలేటర్ పెట్టింది అందుకే. ఫ్లాటు ఇంకా కట్టే దశలోనే ఉంటే, దర్వాజాలు బిగించకముందే దాన్ని పెట్టమని బిల్డర్‌ని అడగొచ్చు.