సంతకం పెట్టే ముందు ఇది చదవండి: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే అపోహలు - వాస్తవాలు

మొన్న సోమవారం పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేశారు. భర్త ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది, కుడిపక్క ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. "మేడమ్, నిన్నటి తారీఖుతో రాజీనామా రాసి ఇందాకే ఆఫీసుకు పంపించాం. ఇప్పుడు పెన్షన్ ఏమన్నా వస్తుందా?" అని అడిగారు. ఎందుకు రాశారమ్మా అంటే, "మెడికల్ బోర్డువాళ్ళు అన్‌ఫిట్ అంటే ఎలాగూ తీసేస్తారట కదండీ. తీసేయించుకోవడం కన్నా మనమే మానేస్తే మర్యాదగా ఉంటుందని అందరూ అన్నారు" అన్నారు.

పదిహేడేళ్ళుగా లాయర్‌గా సర్వీసు కేసులు చూస్తున్నాను. ఈ ఒక్క మాట విని బతుకుదెరువు పోగొట్టుకున్న కుటుంబాలను చూసి చూసి విసుగొచ్చింది. ఆవిడ మీద కాదు నా విసుగు. ఏడు నెలలుగా ఆసుపత్రి చుట్టూ తిరిగిన మనిషికి చట్టం చదివే ఓపిక ఎక్కడుంటుంది? ఏమీ తెలియకుండా ఆఫీసు వరండాలో సలహాలిచ్చేవాళ్ళ మీద, వాట్సాప్ గ్రూపుల్లో ఆ సలహాలను ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీద నా కోపం.

అపోహ: మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఉద్యోగం పోయినట్టే

సాయుధ దళాల్లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ప్రభుత్వ ఉద్యోగమైతే పోదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో సెక్షన్ 20(4) ఈ సంగతి సూటిగా చెప్పింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చేయలేకపోతే, చేయగలిగిన వేరే పోస్టులోకి మార్చాలి. అదే పే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలు ఇవ్వాలి. అలాంటి పోస్టు లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు, అంటే ఆ ఒక్కరి కోసం అదనపు పోస్టు, పెట్టి అందులో ఉంచాలి. తగిన పోస్టు దొరికేదాకా, లేదా రిటైర్మెంట్ వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా. "మా దగ్గర ఖాళీల్లేవు" అని చెప్పి పంపించేయడానికి చట్టం దారి వదల్లేదు.

ఇది నిన్నమొన్న వచ్చిన హక్కు కూడా కాదు. 1995 నాటి చట్టంలో సెక్షన్ 47గా ఉన్నదే. కునాల్ సింగ్ కేసులో 2003లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. ఆయన ఎస్‌ఎస్‌బీ అనే కేంద్ర భద్రతా దళంలో కానిస్టేబుల్. డ్యూటీలో కాలికి దెబ్బ తగిలి, గాంగ్రీన్ పాకి, ఎడమకాలు తీసేశారు. శాశ్వతంగా పనికిరాడని ఇంటికి పంపారు. ఇన్‌వాలిడ్ పెన్షన్ (ఆరోగ్యరీత్యా పనికిరారని పంపినవాళ్ళకిచ్చే పెన్షన్) వస్తోంది కదా అన్న కారణంతో ఈ రక్షణ తప్పించలేరని కోర్టు చెప్పింది.

బోర్డు రాసే అన్‌ఫిట్ ఆ పోస్టుకు మాత్రమే వర్తిస్తుంది. స్టీరింగ్ పట్టలేని మనిషి డిపోలో లెక్కలు చూడగలడు. 2025 ఆగస్టు 1న తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. రంగులు పోల్చుకోలేడని 2016 జనవరిలో ఆయన్ను మెడికల్‌గా రిటైర్ చేసి పంపారు. ఆయనకు తగిన పని ఇంకేమైనా ఉందా అని గట్టిగా వెతికింది లేదు. ఎనిమిది వారాల్లో అదే గ్రేడు జీతంతో తగిన పోస్టు ఇవ్వాలని, బకాయిల్లో 25 శాతం కట్టాలని కోర్టు ఆదేశించింది. ఆ తీర్పులో బాగా పనికొచ్చింది 1979లో కార్మిక సంఘంతో కుదిరిన ఒక ఒప్పందం. అందుకే నా దగ్గరకొచ్చే ప్రతి కార్పొరేషన్ ఉద్యోగికీ చెబుతాను, మీ యూనియన్ ఆఫీసు బీరువాలో పాత ఒప్పందాలు ఉంటే దుమ్ము దులిపి తీయించండని.

ఒక లైన్‌మన్ సంగతి చెప్పాలి. 11 కేవీ లైను మీద పని చేస్తుండగా సప్లై వచ్చేసింది. కుడిచెయ్యి మోచేతి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. కుట్లు మానాక ఆఫీసుకెళితే, రాజీనామా టైపు చేయించి సిద్ధంగా పెట్టి ఉంచారు. సంతకం పెడితే సెటిల్‌మెంట్ తొందరగా వస్తుందన్నారు. సంతకం పెట్టే చెయ్యి లేదు. వేలిముద్ర వెయ్యమన్నారు. "నేను ఇంటర్ చదివాను సార్, వేలిముద్ర వెయ్యను. ఎడమచేత్తో నేర్చుకుని పెడతాను, పది రోజులు టైమివ్వండి" అన్నారట. ఆ పది రోజుల్లోనే బావమరిది ఆయన్ను మా ఆఫీసుకు తీసుకొచ్చాడు.

చొక్కా జేబులోంచి మడతపెట్టిన రూళ్ళ కాగితం తీసి బల్ల మీద పరిచారు. దాని నిండా ఆయన పేరే. పై వరసల్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయి ఉన్నాయి, కింది వరసలకు వచ్చేసరికి చదవడానికి వీలుగా ఉన్నాయి. "ఇది చాలా మేడమ్?" అని అడిగారు. చాలన్నాను. ఆ సంతకం రాజీనామా మీద కాకుండా, వేరే పోస్టు ఇవ్వమని కోరుతూ రాసిన రిప్రజెంటేషన్ మీద పెట్టించాను. ఐదు నెలలు తిప్పారు, రెండుసార్లు ఫైలు కనబడలేదన్నారు. చివరికి అదే స్కేలుతో సబ్‌స్టేషన్‌లో వేశారు. ఇప్పుడు గంటగంటకూ లాగ్‌షీట్‌లో రీడింగులు ఎడమచేత్తోనే రాస్తున్నారు. చెయ్యి ఉండి ఉంటే ఆ రోజే సంతకం పెట్టేసి వచ్చేవాణ్ణని ఆయనే అంటుంటారు.

రాజీనామాకు, తీసేయడానికి తేడా తెలుసుకోండి. వాళ్ళంతట వాళ్ళు తీసేస్తే సెక్షన్ 20(4) చూపించి కొట్లాడగలం. మీరే రాసిచ్చేస్తే "ఆయనే వద్దన్నాడు" అంటారు. పైగా పాత పెన్షన్ పద్ధతిలో ఉన్నవాళ్ళు రాజీనామా చేస్తే వెనకటి సర్వీసంతా లెక్కలోంచి పోతుంది. ఇరవై ఏళ్ళ సర్వీసు ఒక్క కాగితంతో పోతుంది. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రోజే వెళ్ళండి. రాజీనామా ఆమోదం పొంది అమల్లోకి రాకముందే వెనక్కి తీసుకోవచ్చు. ఉపసంహరించుకుంటున్నానని రెండు కాపీలు రాసి, ఒకటి ఆఫీసు టపా సెక్షన్లో ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పొచ్చాం అంటే కుదరదు.

అపోహ: డ్యూటీలో జరిగిన ప్రమాదమైతేనే ఈ రక్షణ

ఇది కూడా చాలామందిని ముంచుతోంది. చట్టంలో ఉన్నది "సర్వీసు కాలంలో" అన్న మాట. ఆదివారం పెళ్ళికి వెళ్తూ బండి మీంచి పడినా, షుగర్‌తో కాలు తీసేసినా, ఇంట్లో నిద్రలో పక్షవాతం వచ్చినా వర్తిస్తుంది. డ్యూటీలో జరిగిందా లేదా అన్నది నష్టపరిహారం లెక్కలకు అవసరం.

అపోహ: 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ లేకపోతే అడగడానికి లేదు

40 శాతం అవసరమయ్యేది రిజర్వేషన్ లాంటి వాటికి. సెక్షన్ 20(4)లో "వైకల్యం" అనే ఉంది, శాతం లేదు. వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది. ఆ అబ్బాయికి రాసేటప్పుడు చెయ్యి పట్టేస్తుంది, సివిల్స్ పరీక్షకు సహాయకుణ్ణి ఇవ్వమన్నాడు. 40 శాతం లేదు కాబట్టి ఇవ్వమన్నారు. అలా కుదరదని, సహేతుకమైన సర్దుబాటు అడగడానికి ఆ శాతం గీత అడ్డు కాదని కోర్టు చెప్పింది. మీ దగ్గర 35 శాతం సర్టిఫికెట్ ఉందని సిగ్గుపడి దాచిపెట్టకండి, ఫైల్లో పెట్టండి.

అపోహ: నేను తప్పుకుంటే మా వాడికి ఉద్యోగం వస్తుంది

ఇంట్లో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కొడుకు ఉంటే ఈ ఆలోచన వస్తుంది. తండ్రి బాధ నాకు అర్థమవుతుంది. కానీ కారుణ్య నియామకం హక్కు కాదని సుప్రీంకోర్టు 1994 నుంచీ చెబుతూనే ఉంది. ఆరోగ్యరీత్యా తప్పుకున్నవాళ్ళ (మెడికల్ ఇన్‌వాలిడేషన్) ఇంట్లోవాళ్ళకు ఉద్యోగమిచ్చే పథకానికి షరతులున్నాయి, కమిటీలున్నాయి. మీ చేతిలో ఉన్న ఉద్యోగం హక్కు. దాన్ని వదిలేసి, వస్తుందో రాదో తెలియని దాని కోసం ఎదురుచూస్తూ ఇటు తండ్రి జీతం, అటు కొడుకు ఉద్యోగం రెండూ లేక కూర్చున్న ఇళ్ళు నాకు తెలుసు.

అపోహ: పోస్టింగ్ వచ్చేదాకా జీతం ఉండదు, అది మామూలే

మామూలు చేసేశారు. బోర్డు అన్‌ఫిట్ అన్న రోజు నుంచి కొత్త పోస్టింగ్ ఇచ్చే రోజు దాకా జరిగే ఆలస్యం ఉద్యోగిది కాదు. రిప్రజెంటేషన్‌లోనే ఆ కాలాన్ని డ్యూటీగా పరిగణించి జీతం ఇవ్వమని విడిగా ఒక పేరా రాయండి. అడగకపోతే జీతం లేని సెలవుగా సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కించేస్తారు. తర్వాత దాన్ని సరిచేయించడం ఇంకో పోరాటం.

అపోహ: వికలాంగ పెన్షన్ వస్తున్నవాళ్ళకు పనికి డబ్బులివ్వక్కర్లేదు

ఇది ప్రభుత్వ ఉద్యోగుల సంగతి కాదు గానీ, చెప్పకుండా ఉండలేను. మాట్లాడలేని, వినలేని ఒక అమ్మాయి బట్టల షాపులో రెండేళ్ళు చీరలు మడతపెట్టింది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా. "ట్రైనింగ్" అన్నారు. జీతం అడిగితే వాళ్ళమ్మతో, "నెలకు ఆరు వేలు పెన్షన్ వస్తోందిగా, ఇంట్లో కూర్చోకుండా పని నేర్పిస్తున్నాం, సంతోషించండి" అన్నారట. స్వచ్ఛందంగా చేస్తున్నానని ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు.

ఆరు వేలైనా, తెలంగాణలో ఇచ్చే 4,016 అయినా అది ప్రభుత్వం ఇచ్చే భరోసా. యజమాని ఇవ్వాల్సిన కూలీకి దానితో సంబంధం లేదు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని, ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకుని చేశారు కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. నిజమైన అప్రెంటిస్ అయితే రాతపూర్వక ఒప్పందం, స్టైపెండ్ ఉంటాయి. ఆ రెండూ లేని ట్రైనింగ్ రెండేళ్ళు నడిచిందంటే అది పనే. కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు చేయండి. హాజరు రాసుకున్న పాత క్యాలెండర్ కాగితమైనా సరే దగ్గర పెట్టుకోండి. ఆ అమ్మాయి కేసులో మాకు పనికొచ్చింది అదే.

మిగతావి క్లుప్తంగా

ప్రైవేటులో ఏ చట్టమూ లేదంటారు. సెక్షన్ 20(4) రక్షణ ప్రభుత్వ సంస్థలకే, ఆ మాట నిజం. కానీ సమాన అవకాశాల విధానం ప్రకటించాల్సిన బాధ్యత ప్రైవేటు సంస్థలకూ ఉంది. 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట వికలాంగులకు ఇచ్చే సదుపాయాలు అందులో రాయాలి. మీ కంపెనీ హెచ్‌ఆర్‌ను ఆ కాగితం అడగండి. పనిలో గాయమైతే ఈఎస్ఐ వికలాంగ భృతి వేరే ఉంది.

వైకల్యం ఉంటే ప్రమోషన్ రాదంటారు. ఆ ఒక్క కారణంతో ఆపకూడదని సెక్షన్ 20(3)లో రాసే ఉంది.

మానసిక జబ్బు లెక్కలోకి రాదంటారు. వస్తుంది. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో అదీ ఒకటి. టాబ్లెట్లు వాడుతున్నానని తెలిస్తే తీసేస్తారేమోనని భయపడి మందులు మానేసినవాళ్ళు నా దగ్గరకొచ్చారు. దయచేసి మందులు మానకండి.

అడిగితే పగబడతారని భయం. ఆ భయం ఉత్తిదని నేను అనను. అందుకే నోటితో కాకుండా కాగితంతో అడగమంటాను. ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. అక్కడ పని జరగకపోతే జిల్లా స్థాయి కమిటీ ఉంది, వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు, ఆ పైన హైకోర్టు.

సోమవారం ఫోన్ చేసినావిడ ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్ళారు. రాజీనామా ఇంకా సెక్షన్ క్లర్క్ బల్ల మీదే ఉంది, పైకి పోలేదు. వెనక్కి తీసుకుంటున్నట్టు లేఖ ఇచ్చి, ముద్ర వేసిన కాపీ ఫొటో నాకు పంపారు. వచ్చే వారం భర్తను తీసుకొస్తామన్నారు. మీలో ఎవరైనా ఇలాంటి పని మీద ఏ లాయర్ దగ్గరకు వెళ్ళినా డిశ్చార్జి సమ్మరీ, బోర్డు రిపోర్టు, చివరి పే స్లిప్, సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీ జిరాక్సు, ఇప్పటిదాకా ఆఫీసుకు ఇచ్చిన ప్రతి కాగితం కాపీ పట్టుకెళ్ళండి. ఆఫీసువాళ్ళు మీ చేత సంతకం పెట్టించుకున్న కాగితాలుంటే, వాటి కాపీ దొరకకపోయినా, ఏ రోజు ఏం రాసిచ్చారో గుర్తున్నంత మటుకు రాసుకుని వెళ్ళండి.