పద్నాలుగేళ్లకే స్విమ్మర్ పని అయిపోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

స్టేట్ మీట్ అయిన వారం రోజుల పాటు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. చేసేది ఎక్కువగా పన్నెండు నుంచి పదిహేనేళ్ల అమ్మాయిల తల్లిదండ్రులు. మాట దాదాపు ఒకటే. "మేడమ్, పోయినేడాది కంటే టైమింగ్ (రేసు ముగించడానికి పట్టే సమయం) పెరిగింది. ఇక దీనివల్ల కాదేమో. టెన్త్ కూడా వస్తోంది, మానిపించేద్దామనుకుంటున్నాం." కోచ్‌గా నేను చూసిన నష్టాల్లో దీనికంటే పెద్దది లేదు. అందుకే ఈ ఒక్క అపోహ గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: టైమింగ్ మెరుగుపడటం ఆగిపోయిందంటే పిల్ల సత్తా అంతే.

వాస్తవం: ఆ వయసులో టైమింగ్ ఆగడం, కొన్నాళ్లు వెనక్కి పోవడం కూడా మామూలే. ఆడపిల్లలు పన్నెండేళ్లకు అటూ ఇటూగా, మగపిల్లలు పద్నాలుగుకు అటూ ఇటూగా చకచకా పొడుగవుతారు. అమ్మాయిలకు తుంటి వెడల్పవుతుంది, ఒంట్లో కొవ్వు శాతం పెరుగుతుంది, నీళ్లలో శరీరం తేలే తీరే మారిపోతుంది. ఎదిగిన పిల్లకు నిరుటి గౌను పట్టనట్టే నిరుటి స్ట్రోక్ (ఈత వేసే తీరు) కూడా సరిపోదు. పైగా నీటి నిరోధం వేగంతో సమానంగా పెరగదు, దాదాపు వేగం వర్గానికి (స్క్వేర్‌కు) తగ్గట్టు పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచాలంటే నిరోధం సుమారు 21 శాతం ఎక్కువవుతుంది. అందుకే తల కొంచెం లేచినా, తుంటి కొంచెం జారినా స్టాప్‌వాచ్ పట్టేస్తుంది. కొత్త ఒంటికి స్ట్రోక్ మళ్లీ కుదరడానికి ఏడాది పట్టవచ్చు, రెండేళ్లూ పట్టవచ్చు. సరిగ్గా ఆ మధ్యలోనే మనవాళ్లు మానిపించేస్తున్నారు.

పదకొండేళ్లకు మెడల్స్ కొట్టే పిల్లల్లో చాలామంది తోటివాళ్లకంటే ముందు ఎదిగినవాళ్లే. గ్రూప్-2 నుంచి, అంతకంటే పెద్ద వయసు పిల్లల విభాగమైన గ్రూప్-1కి వచ్చేసరికి మిగతావాళ్లూ ఎదుగుతారు, తేడా కరిగిపోతుంది. దాన్ని చూసి ఎవరూ కంగారు పడక్కర్లేదు.

"మరి కేటీ లెడెకీ పదిహేనేళ్లకే ఒలింపిక్ గోల్డ్ కొట్టిందిగా" అంటారు. నిజమే, 2012 లండన్‌లో 800 మీటర్ల ఫ్రీస్టైల్‌లో. అదే ఈవెంట్‌ను ఆమె 2024లో పారిస్‌లోనూ గెలిచింది, 27 ఏళ్ల వయసులో. ఆ సంగతి ఎవరూ చెప్పరు. మనవాళ్లనే చూడండి. ఒలింపిక్ 'ఎ' క్వాలిఫయింగ్ టైమ్ (నేరుగా అర్హత ఇచ్చే టైమ్) అందుకున్న మొదటి భారత స్విమ్మర్ సాజన్ ప్రకాశ్. 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై 1:56.38లో ఈదాడు. అప్పుడతనికి 27 ఏళ్లు. అంతకుముందు మెడ గాయంతో చాలాకాలం బాధపడ్డాడు కూడా. అదే మీట్‌లో 100 బ్యాక్‌స్ట్రోక్‌లో 53.77తో ఆ గీత దాటిన శ్రీహరి నటరాజ్‌కు 20. అమెరికా స్విమ్మర్ ఆంథనీ ఎర్విన్ ఒలింపిక్స్‌లో 50 ఫ్రీస్టైల్ గోల్డ్ 2000లో ఒకసారి, మళ్లీ 2016లో 35 ఏళ్ల వయసులో గెలిచాడు. అమెరికాకే చెందిన డారా టోరెస్ 41 ఏళ్ల వయసులో, రెండేళ్ల పాపకు తల్లిగా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మూడు సిల్వర్లు తెచ్చుకుంది. మనం మాత్రం ఎనిమిదో తరగతి పిల్లకు రిటైర్మెంట్ ఇచ్చేస్తున్నాం.

ఇంకో సంగతి. టైమింగ్ పోల్చేముందు పూల్ చూడండి. ఇంటి దగ్గర 25 మీటర్ల పూల్‌లో 100 ఫ్రీస్టైల్‌కు మూడు టర్నులు. గచ్చిబౌలి లాంటి 50 మీటర్ల పూల్‌లో ఒక్కటే. గోడను తన్నినప్పుడు దొరికే వేగం పోతుంది కాబట్టి పెద్ద పూల్‌లో టైమింగ్ ఎక్కువే వస్తుంది. ఆ తేడా తెలియక పిల్లను తిట్టిన నాన్నలను చూశాను.

అపోహ: బరువు తగ్గిస్తే టైమింగ్ తగ్గుతుంది.

దీని మీద నాకు నిజంగా కోపం. మా స్క్వాడ్‌లో ఒక బ్యాక్‌స్ట్రోక్ అమ్మాయి ఉండేది. టైమింగ్ ఆగేసరికి ఇంట్లో రాత్రి అన్నం మానిపించారు. కొన్నాళ్లకు పీరియడ్స్ ఆగిపోయాయి. ఎవరో "గట్టిగా ట్రైనింగ్ చేస్తే అంతేనమ్మా, మంచిదే" అన్నారట. అది మంచిది కానే కాదు. ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి లేదని శరీరం ఇచ్చే హెచ్చరిక అది. అలాగే సాగితే ఎముకలు బలహీనపడతాయి. వాళ్లమ్మ నా దగ్గర ఏడ్చింది. ఆమె తప్పేం లేదు, పిల్ల బాగుండాలనే చేసింది. డాక్టర్‌కు చూపిస్తే ఐరన్ బాగా తక్కువని తేలింది. తిండి సరిచేశాక ముందు ఆ పిల్ల ముఖం తేటపడింది, టైమింగ్ చాలా నెలల తర్వాత కదిలింది. ఇప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఈదుతోంది. తెల్లవారుజామున ఐదింటి ప్రాక్టీస్‌కు ఖాళీ కడుపుతో పంపకండి, కనీసం ఒక అరటిపండు పెట్టండి.

పీరియడ్స్‌లో పూల్‌లోకి దిగకూడదన్నదీ అబద్ధమే. టాంపన్ గానీ మెన్‌స్ట్రువల్ కప్ గానీ వాడి, ఒంట్లో బాగుంటే హాయిగా ఈదవచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఈత వల్ల ఎత్తు పెరగరు. పొడుగువాళ్లకు ఈతలో లాభం ఉంటుంది కాబట్టి పైస్థాయిలో వాళ్లే కనిపిస్తారు. నల్లబడేది క్లోరిన్ వల్ల కాదు, ఎండ వల్ల. భుజం నొప్పి ఓర్చుకుంటే పోతుందనేది ప్రమాదకరమైన మాట. 25 మీటర్లకు 18 స్ట్రోకులనుకుంటే 5 కిలోమీటర్ల సెషన్‌లో 3,600 స్ట్రోకులు, అంటే ఒక్కో భుజానికి 1,800. నొప్పి ఉన్నప్పుడు ప్యాడిల్స్ (ప్రాక్టీస్‌లో చేతులకు తగిలించుకునే పలకలు) పక్కన పెట్టి ఫిజియోకు చూపించండి. పదకొండేళ్ల పిల్లకు వేలు పోసి రేసింగ్ సూట్ కొనకండి, ఆ డబ్బు తిండికి పెట్టండి.

ఇక ఇంటర్. ఆ రెండేళ్లు రోజుకు రెండు పూటలా ప్రాక్టీస్ కుదరదని నాకూ తెలుసు. పూర్తిగా మానకుండా వారానికి మూడు ఉదయాలు నీళ్లలో ఉన్నా, పరీక్షలయ్యాక తిరిగి అందుకోవడం చాలా తేలిక. ఆ తర్వాత యూనివర్సిటీ మీట్లున్నాయి, రైల్వేస్, సర్వీసెస్ (సైనిక దళాలు), పోలీసు జట్లున్నాయి. సీనియర్ నేషనల్స్‌లో రైల్వేస్, సర్వీసెస్ తరఫున ఈదేవాళ్లకు అది ఉద్యోగం కూడా.

కాబట్టి మానిపించాలా వద్దా అన్నది మీట్ అయిన వారంలో తేల్చకండి. ముందు డాక్టర్‌ను అడిగి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్షలు చేయించండి. నీటి లోపలి నుంచి స్ట్రోక్ వీడియో తీయించండి. అవి పట్టుకుని, పిల్లను కూడా వెంటబెట్టుకుని కోచ్ దగ్గర కూర్చోండి.